కెమెరా కొన్నాను, లెన్స్ కొనలేదు

జేబులో పట్టే చిన్న కెమెరా కొనాలా, లెన్స్ మార్చుకునే మిర్రర్‌లెస్ కొనాలా అని ఎవరైనా అడిగితే ఒకప్పుడు తడుముకోకుండా చెప్పేసేదాన్ని: సెన్సార్ ఏది పెద్దదైతే అది. ఆ మాట పట్టుకునే నా చిన్న కెమెరాని అమ్మేసి, వచ్చిన డబ్బుకి ఇంకా చాలా కలిపి మిర్రర్‌లెస్ తెచ్చుకున్నాను. సెన్సార్ పెద్దదైతే మంచిదన్న మాటలో అబద్ధమేమీ లేదు. నేను విన్నది అందులో సగం.

అమ్మేసిన కెమెరా ఒక అంగుళం సెన్సార్ రకం. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100 వచ్చాక ఈ రకానికి పేరొచ్చింది, మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. నాది ఆ కోవలోదే, కంపెనీ ఏదైతేనేం. అంగుళం అన్నది పాత టీవీ కెమెరా గొట్టాల నాటి లెక్క. నిజానికి ఆ సెన్సార్ 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పే. అయినా చవక చిన్న కెమెరాల్లో ఉండేదానికి నాలుగింతలు. దాంతో బొర్రా గుహల్లో ఫొటోలు తీశాను. లోపల రంగు దీపాల వెలుగే దిక్కు. కెమెరాని రెయిలింగుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో నొక్కాను. చేతి వణుకుని సర్దే ఏర్పాటు లెన్స్‌లోనే ఉంది. సున్నపురాళ్ల మీది గీతలతో సహా ఫొటోలు వచ్చాయి. ఇంత చిన్నదే ఇలా తీస్తే పెద్ద సెన్సార్ ఇంకెలా తీస్తుందో అనుకున్నాను. బొర్రాలో రాళ్లు కదలవన్న సంగతి నాకు తట్టలేదు.

అమ్మడానికి ఒక సాకు కూడా దొరికింది. ఆకాశం ఫొటోల్లో ఒకే చోట బూడిదరంగు మచ్చలు కనపడసాగాయి. అది నా నిర్వాకమే. హ్యాండ్‌బ్యాగులో తాళాలు, చిల్లర, గుడి నుంచి తెచ్చిన విభూతి పొట్లం, వాటి మధ్యే కెమెరా. స్విచ్ వేసినప్పుడల్లా ముక్కులా బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయే ఆ లెన్స్ గాలితో పాటు ధూళినీ పీల్చుకుంటుంది. లెన్స్ ఊడి వచ్చే కెమెరా అయితే బ్లోయర్‌తో ఉఫ్ మనిపించవచ్చు, దీన్ని మాత్రం మెకానిక్కు విప్పాల్సిందే. మిర్రర్‌లెస్‌కి ఈ బాధ లేదు కదా అనుకున్నాను. లెన్స్ ఊడదీసే అవసరమే రానివ్వకుండా, కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ఒక్కదానితో కొన్నాను మరి.

కొనే ముందు చూడాల్సింది చూడలేదు, చూడనక్కర్లేనిదంతా చూశాను. మెగాపిక్సెళ్లు, 4కె, సెకనుకి ఎన్ని ఫొటోలు, ఏ పరీక్షలో ఎన్ని మార్కులు. ఆ కెమెరాలో ఫ్లాష్ లేదన్న విషయం పెట్టె విప్పాకే తెలిసింది. ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్‌లలో కొన్నిటికి ఫ్లాషూ ఉండదు, కన్ను ఆనించి చూసే వ్యూఫైండరూ ఉండదు. రీల్స్ తీసుకునేవాళ్ల కోసం చేసినవి అవి. ఫొటోలు తీసుకునే నాకు ఫ్లాషూ, వ్యూఫైండరూ రెండూ కావాలి.

అసలు బండారం మా పిన్ని కూతురి పెళ్లిలో బయటపడింది. తణుకు దగ్గర పల్లె, ఇంటి ముందు తాటాకు పందిరి, తెల్లవారుజామున ముహూర్తం. పందిరికి చుట్టిన సీరియల్ లైట్లు చూడ్డానికి కళకళలాడుతున్నాయి గానీ వాటితో ఫొటోకి సరిపడా వెలుతురు రాదు. జీలకర్ర బెల్లం దాకా ఫరవాలేదు, అప్పుడు పెళ్లివాళ్లు కదలకుండా కూర్చుంటారు. తలంబ్రాలు మొదలయ్యాక ఫొటోగ్రాఫర్లు ముందుకొచ్చేశారు. నేను వెనక్కి జరిగి జూమ్ చేశాను. ఐఎస్ఓ 6400 పెట్టినా సెకనులో నలభయ్యో వంతు కంటే వేగం రాలేదు. బియ్యపు గింజలు పసుపు గీతలయ్యాయి. పెళ్లికూతురి చెయ్యి పొగలా వచ్చింది, పెళ్లికొడుకు మొహానికి రెండు ముక్కులు. ఆ కాసేపట్లో తీసినవన్నీ అంతే. పైగా పట్టుచీర మీద మెడకి వేలాడే ఆ బరువుతో నేను ఏ పనికీ పనికిరాకుండా పోయాను. “అమ్మాయ్, ఆ పెట్టె పక్కన పడేసి అక్షింతలు పంచవే” అని పిన్ని కేకేసింది.

మా బాబాయి కొడుక్కి ఫొటో స్టూడియో ఉంది. చెల్లెలి పెళ్లి కాబట్టి ఆ రోజు ఆల్బమ్ బాధ్యత వాడిదే. పొద్దున్నే టిఫిన్ల దగ్గర నా కెమెరా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు: “అక్కా, నువ్వు కెమెరా కొన్నావు గానీ లెన్స్ కొనలేదు.” నాకు కోపం వచ్చింది. ముందు లెన్స్ ఉంది కదరా అన్నాను. “అది పెట్టెలో వచ్చింది. నువ్వు కొన్నది కాదు.”

ఆ తర్వాత ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి వాడు చెప్పిన లెక్క నాకు ఏ రివ్యూలోనూ దొరకలేదు. అంటే దొరికే ఉంటుంది, నేను దాటేసి ఉంటాను. అదే చోట, అదే షట్టర్ వేగంతో తీస్తే ఫొటోకి అందే వెలుతురు రెండిటి మీద ఆధారపడుతుంది: సెన్సార్ ఎంత వైశాల్యం ఉంది, లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుంది. రెండోదాన్ని చెప్పేది ఎఫ్ నంబరు. ఆ అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దది, అదీ వర్గం లెక్కన. నా మిర్రర్‌లెస్‌లోని ఏపీఎస్-సీ సెన్సార్ 23.5 మిల్లీమీటర్లకి 15.6 మిల్లీమీటర్లు, పాత కెమెరా సెన్సార్‌కి మూడింతల పైచిలుకు. కానీ కిట్ లెన్స్ వైడ్‌లో ఎఫ్/3.5. పాత కెమెరా లెన్స్ వైడ్‌లో ఎఫ్/1.8. 3.5ని 1.8తో భాగించి వర్గం చేస్తే 3.8 వస్తుంది. సెన్సార్ దగ్గర మూడింతలు కలిసొచ్చింది, లెన్స్ దగ్గర దాదాపు నాలుగింతలు పోయింది. పెద్ద బిందె కొని దాని మూతికి సన్న గరాటు తగిలించుకున్నాను. జూమ్ చేశాక లెక్క మిర్రర్‌లెస్ వైపు కొంత మొగ్గుతుంది, కాదనను. అయితే కిట్ లెన్స్ కన్ను ఆ చివర ఎఫ్/6.3కి కుంచించుకుపోతుంది. తాటాకు పందిట్లో నాకు దక్కింది అదే.

ఇద్దరివీ ఒకే మౌంట్ కావడం అదృష్టం. “ఫిఫ్టీ వేసి చూడు” అని తన 50 ఎంఎం ఎఫ్/1.8 తీసి ఇచ్చాడు. 6.3ని 1.8తో భాగించి వర్గం చేస్తే పన్నెండు దాటుతుంది. అదే వెలుతురు, అదే ఐఎస్ఓ, సెకనులో నలభయ్యో వంతు కాస్తా దరిదాపు ఐదొందలో వంతవుతుంది. బిందెలో ఉంగరం తీసే ఆట లోపల వసారాలో పెట్టారు. ఒకటే బల్బు. ఇద్దరి చేతులూ నీళ్లలో పెనుగులాడుతుంటే తీశాను. నీటి చుక్కలు గుండ్రంగా గాల్లో ఆగిపోయాయి. ఇదే కెమెరానా అని వెనక తెర చూసుకుంటూ ఉండిపోయాను.

ఫిఫ్టీతో కష్టాలూ ఉన్నాయి. ఏపీఎస్-సీ మీద అది పాత ఫిల్మ్ కెమెరాల లెక్కన 75 ఎంఎంలా పనిచేస్తుంది. మన మధ్యతరగతి గదుల్లో వెనక్కి జరగడానికి గోడ అడ్డం. పెళ్లికూతురి కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి జుంకా మసకబారుతుంది. ఇంట్లో పిల్లల్నీ పండగల్నీ తీసేవాళ్లకి 35 ఎంఎం దగ్గరి ప్రైమ్, అంటే జూమ్ లేని లెన్స్, మేలనిపిస్తోంది నాకు. ఏదైనా రెండో లెన్స్ అంటే మళ్లీ డబ్బు. కెమెరాకి పెట్టినంత కాదు గానీ వెనకడుగు వేయించేంత. ఆ డబ్బు లేకపోతే, ఎప్పటికీ కొనే ఉద్దేశం లేకపోతే, మిర్రర్‌లెస్ బాడీ కొనడం వృథా అని గట్టిగానే చెబుతాను. కిట్ లెన్స్‌తోనే ఉండిపోయేవాళ్లకి అంగుళం సెన్సార్ కెమెరాయే నయం.

ఆ పెళ్లిలో పాత కెమెరా ఉండి ఉంటే? దగ్గరికి దూరి, చిటికెన వేలంత ఫ్లాష్ పైకి లేపి తీసేదాన్ని. జెనాన్ ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, గింజ గాల్లో ఉన్నచోటే చిక్కుతుంది. వెలుతురు మొహం మీద చప్పిడిగా పడేది, వెనక జనం చీకట్లో కలిసిపోయేవారు. అయినా గింజలు గింజల్లా వచ్చేవి. ఫోన్ లైటు ఈ పని చేయలేదు, అది వెలుగుతూనే ఉండే దీపం. చవక రకం చిన్న కెమెరాల సంగతి వేరు. వాటి సెన్సార్ 6 మిల్లీమీటర్లకి నాలుగున్నర, ఇప్పటి మంచి ఫోన్లలో అసలు కెమెరాకి అంతకంటే పెద్దదే ఉంటోంది. జూమ్ మీద మోజుతో తప్ప వాటిని కొనే పని లేదు.

పెళ్లి అయ్యాక మిర్రర్‌లెస్ బీరువాలో చేరింది. కెమెరా, లెన్స్ కలిపి అరకిలో, సంచీ అదనం. కూరగాయలకి వెళ్తూ ఎవరు తగిలించుకుంటారు? రెండు కెమెరాలకీ ఉన్న ఇంకో తేడా కూడా అప్పుడే అర్థమైంది. చిన్న కెమెరా ఎత్తితే మా అత్తగారు పప్పు రుబ్బుతూ రుబ్బుతూనే మాట్లాడేవారు. ఇది ఎత్తగానే రోలు దగ్గర నుంచి లేచి, కొంగు సర్దుకుని, స్టూడియోలో నిలబడ్డట్టు నిలబడతారు. “ఆగమ్మా, మొహం కడుక్కొస్తా” అంటారు. కడుక్కొచ్చాక తీసిన ఫొటో ఆవిడకి నచ్చుతుంది. నాకు కావలసింది అది కాదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే కెమెరా మాట ఎత్తకుండా ఫోన్ తియ్యమంటున్నాను. పోయిన ఏడాది పాడైన ఫొటోలు చూపించమంటాను. చీకట్లో మనుషులు కదిలి పాడైనవే ఎక్కువైతే, ఒక ప్రైమ్ లెన్స్ ధర కూడా కలుపుకుని మిర్రర్‌లెస్ లెక్క వేసుకోవాలి. దూరంగా ఉండి చుక్కల్లా వచ్చినవి ఎక్కువైతే, కొల్లేరు పక్షుల్లాంటివి అనుకుందాం, ఈ రెండిటిలో ఏదీ ఊరికే తీర్చదు. దానికి పొడవు లెన్స్ కావాలి, అది ఇంకో ఖర్చు. అసలు ఫొటోలే లేని పండగలూ ప్రయాణాలూ ఎక్కువైతే, బ్యాగులో పట్టేదే కొనుక్కోమంటాను. ఒకావిడ ఫోన్ చూపించింది. పాడైనవి ఏమీ లేవు, అన్నీ బాగున్నాయి. ఏమీ కొనొద్దని చెప్పాను. ఆవిడ కొంచెం నొచ్చుకుంది.

నేను మాత్రం ప్రైమ్ ఒకటి కొన్నాను. చిన్న కెమెరా కూడా మళ్లీ కొన్నాను, వాడినదే, నాది అమ్మినప్పుడు వచ్చినదానికంటే ఎక్కువ పెట్టి. ఈ మధ్య కుర్రకారుకి చిన్న కెమెరాల మీద మోజు పుట్టి పాతవాటికీ ధర ఎక్కింది. అమ్మే అబ్బాయి ఇంట్లో సోఫాలో కూర్చుని, జూమ్ అటు చివరికీ ఇటు చివరికీ లాగి, లెన్స్ కన్ను బాగా చిన్నది చేసి తెల్లగోడని తీశాను. “ఏంటండీ, గోడని తీస్తున్నారు?” అని నవ్వాడు. తెర మీద పెద్దది చేసి చూపించాను. కుడి మూల ఒక మచ్చ ఉంది. కాస్త తగ్గించాడు, తెచ్చుకున్నాను.