మెన్లోపార్కు నుంచి మన్రో వీధికి

న్యూయార్కు మహానగరం నుంచి రైలులో ముప్పావుగంట ప్రయాణం చేస్తే న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే వూరి పొలిమేర వస్తుంది. ఆ వూళ్ళో ఓక్‌ట్రీ రోడ్డు మీద కాసేపు నిలుచుంటే అమెరికాలో వున్నామన్న సంగతే మరచిపోవచ్చు. గోంగూర దొరుకుతుంది, పెసరట్టు దొరుకుతుంది, పట్టుచీరలు దొరుకుతాయి. నా ముందు నడుస్తున్న పెద్దమనుషులిద్దరు గుంటూరు మిరపకాయల ధర గురించి తగవులాడుకుంటున్నారు. మా అక్కయ్య కాపురం నలభై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కలే. ఇన్ని తెలుగు కుటుంబాలున్న ఆ వూళ్ళోనే గ్రామఫోను పుట్టిందన్న విషయం మాత్రం మనవాళ్ళు అంతగా పట్టించుకున్నట్టు లేదు.

మెన్లోపార్కు అనే పేట ఆ వూరిలోదే. 1877లో థామస్ ఎడిసన్ అక్కడి ప్రయోగశాలలో ఒక గొట్టానికి తగరపు రేకు చుట్టి, దాని ముందు చిన్నపిల్లల పాట ఒకటి వల్లించి, తన గొంతు తానే తిరిగి విన్నాడు. ప్రయోగశాల ఇప్పుడు అక్కడ లేదు. ఆ చోట 1938లో కట్టిన స్తంభం వుంది. నూట ముప్పై అడుగుల ఎత్తు, శిఖరాన కలశానికి బదులు పెద్ద విద్యుద్దీపం! దూరాన్నుంచి చూసేవారికి దీపమే కనిపిస్తుంది. మనిషి గొంతును పట్టి నిలిపిన సంగతి దగ్గరికి వెళ్ళి తెలుసుకోవాలి.

పోయిన వేసవిలో నేను అక్కడికి వెళ్ళింది విహారానికి కాదు. మా బావగారు పోయి రెండేళ్ళయింది. అక్కయ్య ఇల్లు అమ్మేసి, డల్లాసులో వున్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నది. సామాను సర్దటానికి నేనూ ఒక చేయి వేద్దామని వెళ్ళాను. తీరా చూస్తే, అసలు సమస్య మంచాలూ బీరువాలూ కావు. నేలమాళిగలో గోడ పొడుగునా ఆరువందల పైచిలుకు లాంగ్ ప్లే రికార్డులు నిలబెట్టి వున్నాయి. 1972లో ఇంజనీరు ఉద్యోగానికి వచ్చిన నాటినుంచీ బావగారు ఒక్కొక్కటే కొని తెచ్చినవి. అందులో ఘంటసాలవారివీ, సుబ్బులక్ష్మిగారివీ ఒక ముప్పై వుంటాయి. తక్కినవన్నీ జాజ్. జాజ్‌లో కూడా ఇంటిల్లిపాదీ చెవులు మూసుకునే రకం జాజ్.

ఈ రకానికి 'అవాంగార్డ్' అని పేరు. సేనకు ముందు నడిచే దండు అని అర్థం. పాత జాజ్‌లో ఒక పాట వుంటుంది, దాని కింద స్వరమేళాల వరస ఒకటి పునాదిలా వుంటుంది. వాద్యకారుడు ఆ పునాది దాటకుండా తన మనోధర్మం చూపిస్తాడు. మనవాళ్ళు పల్లవి తీసుకుని నెరవు చేసినట్టే అనుకోండి. 1959 నవంబరులో ఆర్నెట్ కోల్మన్ అనే నల్లజాతి యువకుడు ప్లాస్టిక్ శాక్సఫోన్ ఒకటి చంకన పెట్టుకుని న్యూయార్కు వచ్చి, 'ఫైవ్ స్పాట్' అనే చిన్న కాఫీ క్లబ్బు వంటి చోట ఆ పునాదిని తీసి పక్కన పెట్టి వాయించాడు. సంగీతజ్ఞులు రెండు పక్షాలుగా చీలిపోయారు. మరుసటి ఏడాది డిసెంబరులో అతడు ఎనిమిదిమందితో 'ఫ్రీ జాజ్' అనే రికార్డు చేశాడు. నలుగురు ఎడమచెవికి, నలుగురు కుడిచెవికి వినిపిస్తారు. అట్టకు చిన్న కిటికీ కోసి, అందులోంచి జాక్సన్ పొలాక్ గీసిన బొమ్మ కనిపించేటట్టు అచ్చువేశారు. బావగారి దగ్గర ఆ కిటికీ అట్ట వున్నది.

మా మేనల్లుడు పద్ధతి గల మనిషి. రికార్డులన్నిటికీ జాబితా వేశాడు. ఒక వ్యాపారిని మాట్లాడి, మొత్తం ఒకేసారి తూకానికి అమ్మినట్టుగా బేరం కుదుర్చుకున్నాడు. "మామయ్యా, ఇవి రెండూ ఒకటే. నాన్నగారు మరచిపోయి రెండుసార్లు కొన్నట్టున్నారు" అని రెండు అట్టలు నా చేతికిచ్చాడు. జాన్ కోల్ట్రేన్ చేసిన 'అసెన్షన్' - ఆరోహణ అనవచ్చు. ఒకటే బొమ్మ, ఒకటే నెంబరు. బావగారు పైసా దగ్గర లెక్క తప్పే మనిషి కాదు. ఆ అనుమానంతోనే మర్నాడు న్యూయార్కు రైలెక్కాను.

ముందు విలేజ్ వాన్‌గార్డ్ చూడాలని బుద్ధి పుట్టింది. సెవెన్త్ ఎవెన్యూ మీద ఎర్ర చాందినీ, చిన్న తలుపు, నిటారుగా కిందికి దిగే మెట్లు. 1935లో మాక్స్ గోర్డన్ అనే ఆయన స్థాపించిన ఈ నేలమాళిగలో ఇప్పటికీ కచేరీలు జరుగుతున్నాయి. నూట పాతికమందికి మించి పట్టరు. మా కాలేజీలో ఒక పెద్ద క్లాసు గది అంత. 1961 నవంబరులో కోల్ట్రేన్ ఇక్కడ వాయించిన రాత్రులను రికార్డు చేశారు. అందులో 'ఇండియా' అనే కృతి వుంది. ఆయనకు మన సంగీతమంటే గురి. 1965లో పుట్టిన కొడుక్కు రవిశంకర్‌గారి పేరే పెట్టుకున్నాడు.

అక్కడినుంచి చైనావాళ్ళ పేటకు వెళ్ళాను. వీధి పొడుగునా చేపల వాసన, ఎండబెట్టిన పుట్టగొడుగులు, అంకెలు తప్ప మరేదీ మనకు చదవరాని బోర్డులు. మన్‌హటన్ వంతెనకు దగ్గరలో మన్రో వీధి 13వ నెంబరు ఇంటి కింద 'డౌన్‌టౌన్ మ్యూజిక్ గేలరీ' అనే దుకాణం వుంది. 1991లో మొదలుపెట్టిన ఈ దుకాణం ఈ కొత్త పోకడల సంగీతానికే అంకితం. నడవటానికి ఒక మనిషికి మాత్రం దారి వదిలి, తక్కిన జాగా అంతా రికార్డులూ సీడీలూ పేర్చారు. వాద్యకారులు అక్కడికే వచ్చి ఉచితంగా కచేరీ చేయటం చాలాకాలంగా ఆనవాయితీ.

అక్కడ నాలాగే చూడటానికి వచ్చినవాళ్ళు ముగ్గురు కనిపించారు. కొనటం తక్కువ, మాట్లాడటం ఎక్కువ. ఒకరు తెల్లగడ్డం పెద్దాయన, రిటైరైన బడిపంతులట. సన్‌రా అనే వాద్యబృంద నాయకుడు సొంతంగా 'సాటర్న్' పేరుతో వేసుకున్న రికార్డులను గురించి చెప్పుకుంటున్నారు. వాటిలో కొన్నిటి అట్టలకు బృందంవాళ్ళే చేత్తో రంగులు వేసి, కచేరీల దగ్గర అమ్మేవారట. ఒక అట్టలా ఇంకొకటి వుండదు. తరువాత మాట ఈ.ఎస్.పి. కంపెనీ మీదికి మళ్ళింది. 1963లో బెర్నార్డ్ స్టోల్మన్ అనే లాయరు పెట్టిన కంపెనీ అది. ఎస్పెరాంటో భాషలోని మొదటి అక్షరాలే కంపెనీ పేరు. మొట్టమొదటి రికార్డు కూడా ఆ భాషలోనిదే. ఏమి వాయించాలో వాద్యకారుడి ఇష్టం, కంపెనీ అడ్డురాదు అన్నది ఆయన నియమం. ఆ నియమం వల్లనే 1964లో ఆల్బర్ట్ ఐలర్ 'స్పిరిచ్యుయల్ యూనిటీ' చేయగలిగాడు. అయితే, డబ్బు దగ్గర ఈ కంపెనీ మీద వాద్యకారులు ఆనాడే గొణిగారు. ఇప్పుడు ఆ మొదటి ముద్రణల కోసం సేకర్తలు వందల డాలర్లు పోస్తున్నారు. ఐలర్ మాత్రం 1970 నవంబరులో, ముప్పైనాలుగో ఏట, ఈస్ట్ నదిలో శవమై తేలాడు. ఆ దుకాణం మెట్లెక్కి నాలుగడుగులు వేస్తే అదే నది.

సందు చూసుకుని నేను మా రెండు అట్టల సంగతి అడిగాను. అంతే! ముగ్గురూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

సంగతేమిటంటే, 1965 జూన్ 28న కోల్ట్రేన్ మరి పదిమందిని కూర్చుకుని ఈ కృతిని రెండుసార్లు వాయించాడు. ఒక్కొక్కటి నలభై నిమిషాలు. పదకొండుమందీ ఒకేసారి విజృంభిస్తారు. కాసేపటికి ఆ హోరు తగ్గి, ఒక్కడు బయటికి వచ్చి తన మాట చెబుతాడు, మళ్ళీ హోరు. సంతలో జనం మధ్య నిలబడినట్టుంటుంది. 1966లో ఇంపల్స్ కంపెనీ ఒక వాయింపును విడుదల చేసింది. కోల్ట్రేన్ విని, తనకు కావలసింది రెండోది అన్నాడు. కంపెనీవాళ్ళు చడీచప్పుడు లేకుండా లోపలి ప్లేటు మార్చేశారు. అట్ట మారలేదు, నెంబరు మారలేదు. పాట అయిపోయాక చీటీ దాకా వుండే నున్నటి జాగాలో మాత్రం 'ఎడిషన్ II' అని ముల్లుతో గీకారు.

ఇక్కడ నా ప్రాణం లేచివచ్చింది. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఇది కొత్త సంగతా! బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, వేమన పద్యాల ప్రతులు వూరూరినుంచీ తెప్పించి, పాఠభేదాలు సరిచూపించింది దేనికి? తాటాకు చివర లేఖకుడు తన పేరూ, వూరూ, నడుము విరిగిపోయిందన్న మొరా రాసుకుంటాడు. ఈ నల్లప్లేట్లకూ ఆ చివరి జాగాయే గద్య. అక్కడ గాడి కోసినవాడి పేరు వుంటుంది. బ్లూనోట్ కంపెనీ పాత ప్లేట్లయితే చెవి ఆకారంలో చిన్న గుర్తు వుంటుంది. అది 'పి' అక్షరం. ప్లాస్టిలైట్ అనే ముద్రణశాల గుర్తు. 1966 తరువాతి ముద్రణల్లో ఆ చెవి కనిపించదు. సేకర్తలు దుర్భిణీ పెట్టుకుని వెతికేది పాటను కాదు, ఈ చెవిని. కొంచెం వెర్రే. కాని మా గురువుగారు అరసున్న కోసం మూడు జిల్లాలు తిరిగారు. ఆయనను వెర్రివాడని ఎవరనగలం?

తగవు ఏమిటంటే, రెండింటిలో ఏది అసలు 'అసెన్షన్'? బడిపంతులుగారు కవి కోరినదే ప్రమాణమన్నారు. రెండో ఆయన, లోకంలోకి మొదట వచ్చింది ఏదో అదే గ్రంథం, తరువాతిది సవరణ అన్నాడు. మూడో ఆయన మధ్యేమార్గస్థుడు. తరువాతి కాలపు సీడీలో రెండూ వేశారు కనుక రెండూ వినమన్నాడు. "ప్లేట్లు రెండూ వున్న మనిషి మరచిపోయి కొన్నవాడు కాదు" అని బడిపంతులుగారు నాతో మెల్లగా అన్నారు.

ఆ రాత్రి మేనల్లుడూ నేనూ టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాం. ఒకదానిమీద వాన్‌ గెల్డర్ పేరు తప్ప మరేమీ లేదు. రెండోదాని మీద వాలు వెలుతురులో, సన్నని గీతలుగా, 'ఎడిషన్ II' కనిపించింది. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. "రేపు ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ వెళదామా మామయ్యా?" అన్నాడు చివరికి.

వెళ్ళాము. గాడి కోసిన రూడీ వాన్‌ గెల్డర్ అసలు కళ్ళజోళ్ళ డాక్టరు. మొదట తల్లిదండ్రుల ఇంటి హాలులో రికార్డింగు చేసేవాడు. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో చెట్ల మధ్య స్టూడియో కట్టుకుని, 2016లో చనిపోయేదాకా అక్కడే వున్నాడు. 39 అడుగుల ఎత్తున చెక్క దూలాలు గుడిగోపురంలా కలుసుకునే కప్పు ఆ హాలుకు ప్రత్యేకత. 'అసెన్షన్' అందులోనే పుట్టింది. 2022లో దాన్ని ప్రభుత్వం చారిత్రక కట్టడాల పట్టీలో చేర్చింది. మేము రోడ్డు పక్క కారు ఆపి, చెట్ల సందుల్లోంచి కొంచెం కప్పు మాత్రం చూశాము. ఇంతకంటె చెప్పటానికి అక్కడ ఏమీ లేదు.

ఇంటికి వచ్చి రెండు ప్లేట్లూ వేసి చూద్దామన్నాడు మావాడు. అక్కయ్య పైన వంటింట్లో పెట్టెలకు దారాలు కడుతున్నది. మొదటి ప్లేటు వేశాము. రెండోవైపు చివరికి రాగానే అందరూ ఆగి, ఎల్విన్ జోన్స్ ఒక్కడే డ్రమ్ములు వాయించటం మొదలుపెట్టాడు. మన తని ఆవర్తనం లాంటిదే.

అక్కయ్య మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"ఇది కాదురా" అన్నది. "మీ బావ రోజూ పెట్టేది దీంట్లా వుండదు. ఈ డోలు వాయింపు వుండదు అందులో."

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. రెండో వాయింపులో ఈ డ్రమ్ముల ఘట్టం లేని మాట నిజమే. దుకాణంలో ఆ ముగ్గురూ ప్లేట్లను పోల్చుకునే కొండగుర్తుగా నాకు చెప్పింది అదే. అక్కయ్య జీవితంలో ఏనాడూ ఈ సంగీతాన్ని ఇష్టపడింది లేదు. వంటింటి తలుపు వేసుకుని నలభై ఏళ్ళు విన్నది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు కొడుకు.

"ఎలా తెలుసేమిటి? ఆ హోరు అయిపోగానే కాఫీ అడిగేవారు. ఎప్పుడైనా ఈ డోలుది పెడితే ఆలస్యమయ్యేది."

రెండో ప్లేటు వేయమన్నది. మెట్ల మీదే కూర్చుని నలభై నిమిషాలూ విన్నది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. శనివారంనాడు వ్యాపారి వచ్చి రికార్డులన్నీ లారీలోకి ఎక్కించాడు. జాబితాలో రెండు నెంబర్లు కొట్టేసి వుండటం చూసి అవేమయ్యాయని అడిగాడు. మావాడు అమ్మకానికి కావన్నాడు.