చిక్కం గెడ మీద యాంటెన్నా

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 2025 జూలైలో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ రేడియోలో బెంగళూరులోని విద్యార్థులతో మాట్లాడిన వార్త చూసింది. అప్పటి నుంచీ ఒకటే గొడవ: "నాన్నా, ఆ కేంద్రం మనకీ వినపడుతుందా?" వినపడుతుంది. నాకు హామ్ లైసెన్సు ఉంది, చేతిసెట్టు కూడా ఉంది. లేనిదల్లా మంచి యాంటెన్నా. సంక్రాంతి సెలవులకి నూజివీడు దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు చేద్దామన్నాను.

నా లైసెన్సుకీ ఒక కథ ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో భారతి ప్రసాద్ గారూ ఆమె తోటివాళ్ళూ రేడియో మీదే కబుర్లు అందించారు. విజయవాడలో చదువుకుంటున్న నేను అది పేపర్లో చదివి, నేనూ పరీక్ష రాస్తానని నాన్నతో అన్నాను. "పూతకి తేనెమంచు పురుగు పట్టింది, మందు కొట్టించాలి. రేడియో తర్వాత" అన్నారు. ఆ 'తర్వాత' రావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

యాంటెన్నా లెక్క అమ్మాయే వేసింది. 300ని 145.825 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు సుమారు 2.06 మీటర్లు. అందులో నాలుగో వంతు 51 సెంటీమీటర్లు దాటుతుంది. లోహంలో అయిదు శాతం తగ్గించుకోవాలి కాబట్టి 49. వెల్డింగ్ షాపులో ఇత్తడి రాడ్లు కొన్నాం. సాకెట్ మధ్య పిన్నుకి నిలువుగా ఒకటి, నాలుగు మూలల రంధ్రాలకి నాలుగు. ఆ నాలుగింటినీ గొడుగు ఊచల్లా 45 డిగ్రీలు కిందికి వంచితే, కేబుల్ కోరుకునే 50 ఓములకి దగ్గరవుతుంది.

నిలువు రాడ్డు ముందు 52 ఉంచి, మీటరు చూస్తూ కొద్దికొద్దిగా కోయాలి. సెట్టు పంపిన శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో ఆ మీటరు చెబుతుంది. ముల్లు ఒకటికి దగ్గరైతే మంచిది. రెండుసార్లు కోశాక ముల్లు చక్కగా దిగుతోంది. ఇంతలో తోట బేరగాడి ఫోన్. మాట్లాడుతూనే నేను కట్టర్ తీసుకున్నాను. "నాన్నా, అర సెంటీమీటరే" అంటోంది తను. టక్‌మని కోసేశాను. మిగిలింది 46. ముల్లు మళ్ళీ పైకెక్కింది.

తను ఏమీ అనలేదు. కొత్త రాడ్డు తీసి, కట్టర్ తన పక్కన పెట్టుకుంది. ఆ తర్వాత నా పని రాడ్డు కదలకుండా పట్టుకోవడమే.

ఇంకో చిక్కు. మా డాబా మీదికి చిన్నరసం కొమ్మ వాలి ఉంటుంది. పచ్చి ఆకులు ఈ తరంగాలను మింగేస్తాయి. ఆ కొమ్మ కోద్దామా అన్నాను. నాన్న నా వంక చూసిన చూపు రాయలేను. నిండా పూత మీద ఉంది మరి! ఏమీ మాట్లాడకుండా కొట్టంలోకి వెళ్ళి, కాయలు కోసే వెదురు గెడ తెచ్చి, చిక్కం విప్పేసి, "దీనికి కట్టండి" అన్నారు. కరెంటు తీగలకి బాగా దూరంగా నిలబెట్టాం. యాంటెన్నా కొమ్మకంటే పైకి వచ్చింది.

సాయంత్రం కేంద్రం వచ్చే వేళకి ముగ్గురం డాబా మీద. కాసేపు వట్టి హోరు. తర్వాత కర్ర్‌ర్ మని ఒక చప్పుడు, మళ్ళీ ఒకటి. అవి డేటా సంకేతాలు, మాటలు కావు. అయినా అమ్మాయి ఊపిరి బిగబట్టింది. కేంద్రం సరిగ్గా నడినెత్తికి వచ్చేసరికి చప్పుడు సన్నగిల్లింది. "పాడైందా?" అంది కంగారుగా. పాడవలేదు. నిలువు యాంటెన్నా దిక్కులన్నిటినీ వింటుంది, నెత్తిమీద మాత్రం దానికి చెవుడు. అటువైపు దిగుతుండగా మళ్ళీ గట్టిగా వినిపించింది. మొత్తం పది నిమిషాల లోపే.

హామ్ పరీక్షకి పన్నెండేళ్ళు నిండితే చాలు. అమ్మాయికి నిండాయి. పుస్తకం తెచ్చుకుంది. లెక్కల యూనిట్ టెస్టు దగ్గర పడుతోందని నోటిదాకా వచ్చింది గానీ, ఆగాను.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని నాన్న అడిగారు.

"ఇంకో గంటన్నరకి, తాతయ్యా."

"అయితే ఉండనీ. కోతలకి మాత్రం నా గెడ నాకివ్వాలి" అన్నారు.