నాలుగు బండల జాగా

"అబ్బూ, రెండు రోజులే టైముంది. ఏదో ఒకటి చెప్పండి" అని మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి పెట్టేసింది.

అది 2022 వేసవి. జూన్‌లో విశాఖపట్నం రేవు నుంచి చెన్నైవైపు ఎంప్రెస్ అనే విహారనౌక బయలుదేరుతుందని పేపర్లన్నీ రాశాయి. మేమూ రాశాం. ఓడ గురించి రాయడం వేరు, ఓడ ఎక్కడం వేరు. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చి ఏడాది నిండింది. చేతికొచ్చిన మొదటి బోనస్‌తో మమ్మల్నిద్దర్నీ, వాళ్ళ దాదీని, కడపలో ఉండే మా పెద్ద ఖాలాను ఆ ఓడ ఎక్కించాలని పట్టుబట్టింది. నలుగురికీ కలిపి ఓడ లోపలివైపు ఒక చిన్నగది తీసుకుంది. రెండు పడకలు కింద, రెండు పడకలు పైన. కిటికీ లేదు. ఇప్పుడేమో ఇంకొంచెం డబ్బు వేసుకుంటే బాల్కనీ ఉన్న పెద్దగదికి మారవచ్చట. ఆ "ఇంకొంచెం" మా రెండు నెలల ఇంటిఖర్చు. అది మేం వేసుకోవాలి.

ఆఫీసులో ఈ మాట చెబితే ఒక మిత్రుడు వెంటనే అడిగాడు: "షిప్పులోనా? హజ్‌కా భాయ్?"

హజ్ ఓడలు ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. 1995 తర్వాత మన దేశం నుంచి హాజీలంతా విమానాల్లోనే పోతున్నారు. ఆ మాటే చెప్పి, "కాదు, ఊరికే" అన్నాం.

"ఊరికేనా!" అన్నాడు.

ఆయన మంచివాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. కానీ ఆ "ఊరికేనా" మాకు రాత్రి నిద్ర పట్టనీయలేదు. మిగతావాళ్ళు తిరుపతికీ పోతారు, ఊటీకీ పోతారు. రెండూ ఎవరికీ వింత కాదు. మేం కదిలితే మాత్రం హజ్‌కన్నా పోవాలి, కువైట్‌కన్నా పోవాలి. దేవుడి కోసమో, కూటి కోసమో తప్ప సాయెబు ఇల్లు కదలడని ఎవరు రాసిపెట్టారో! ఇంకా చెప్పాలంటే, ఆ రాసినవాళ్ళలో మేమూ ఉన్నాం. మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు మాకు మొదట కలిగింది సంతోషం కాదు, సిగ్గు. ఏ కారణమూ లేకుండా ఓడ ఎక్కడమా? ఎక్కేదే కాక, పెద్దగది కూడానా?

మా అమ్మీ అయితే ఒక్క మాటతో తేల్చేసింది.

"నక్కో బేటా. చిన్నదే చాలు. మూడు దినాల ముచ్చటకు అంత ఇస్రాఫ్ ఎందుకు? మీ నానా హజ్‌కు డెక్కు మీద పోలేదా?"

ఇస్రాఫ్ అంటే దుబారా. అల్లాకు ఇష్టం లేని పని. మా ఇంట్లో ఆ మాట పడితే ఇక వాదన ఉండదు. దానికి నానా కథ కూడా తోడైతే అసలే ఉండదు. నానా కడపలో బండలు పరిచే పని చేసేవాడు. ఊళ్ళో ఎందరి ఇళ్ళకో కడప బండలు పరిచాడు. ఆ సంపాదనలోంచి ఇరవై ఏళ్ళు దాచి, 1974లో నానీని వెంటబెట్టుకుని బొంబాయి మెయిలెక్కి పోయి, అక్కడ అక్బర్ అనే ఓడలో జిద్దాకు వెళ్ళాడు. పైతరగతి గదులున్నా, డెక్కు మీద ఆకాశం కింద ఉంటే అల్లాకు దగ్గరగా ఉంటామని డెక్కే అడిగి తీసుకున్నాడట. పండక్కి కొత్తబట్టలు కావాలన్నా, స్కూలుకు కొత్త సంచి కావాలన్నా, మాకు ఈ కథే చెప్పేవాళ్ళు.

అమ్మీకి ఇంకో కారణం కూడా ఉంది. ఆమె దాన్ని బయటికి చెప్పదు. మాది నీళ్ళకు ముఖం వాచిన సీమ. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా పారే కె.సి. కాలువను 1860లలో ఒక కంపెనీ తవ్వించినప్పుడు, సేద్యంతోబాటు పడవలు నడపాలని కూడా అనుకున్నారు. పడవలు నడిచాయి కూడా. అవి పోయి చాలాకాలమైంది. పడవంటే పాతవాళ్ళ నోటిమాటగా మిగిలిన ఆ కర్నూల్లోనే 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రి కలిసి ఊళ్ళోకి వచ్చాయి. మేం మిద్దె మీద, పక్కింటి రెడ్డిగారి కుటుంబంతో, ఎదురింటి చాకలి ఓబులమ్మ పిల్లలతో కలిసి రెండు రాత్రులు గడిపాం. అమ్మీ ఆ రెండు రాత్రులూ కిందికి చూడకుండా తస్బీ తిప్పుతూ కూచుంది. అప్పటినుంచి ఆమెకు నిండు నీళ్ళు చూస్తే గుండెదడ. కిటికీ లేని గదే ఆమెకు మేలు. నీళ్ళ మీద పోవచ్చు, నీళ్ళు చూడనక్కర లేదు.

ఖాలా మాట కూడా వినాలి కదా అని మర్నాడు పొద్దున్నే అమ్మీని తీసుకుని నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప బస్సెక్కాం. దారంతా మేం బి.ఏ.లో చదువుకున్న ఒక నవల గుర్తుకొచ్చింది.

1880లో జెద్దా అనే ఓడ దాదాపు వెయ్యిమంది హాజీలతో సింగపూర్ నుంచి బయలుదేరింది. దారిలో తుఫానుకు దెబ్బతిని నీళ్ళు లోపలికి రాసాగాయి. కెప్టెనూ, అతని తోటి అధికారులూ రాత్రివేళ హాజీలను వదిలేసి పడవలో దిగిపోయారు. ఒడ్డు చేరి, ఓడ మునిగిపోయిందని చెప్పారు. ఓడ మునగలేదు. హాజీలే నీళ్ళు తోడుకుంటూ దాన్ని నిలబెట్టుకున్నారు. ఇంకో ఓడ దాన్ని ఏడెన్ రేవుకు లాక్కొచ్చింది. ఆ సంగతి ఆధారంగానే జోసెఫ్ కాన్రాడ్ 1900లో 'లార్డ్ జిమ్' నవల తెచ్చాడు. గొప్ప నవలే. కానీ అందులో బాధంతా ఓడ దిగి పారిపోయిన తెల్లవాడిది. డెక్కు మీద మిగిలిన వందలమంది ఒక గుంపు మాత్రమే. వాళ్ళకు పేర్లు లేవు. పరీక్షలో జిమ్ అంతరాత్మ గురించి నాలుగు పేజీలు రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాం. డెక్కు మీదివాళ్ళు మా నానాలు అన్న సంగతి ఆ రోజు తట్టనే లేదు.

ఆ డెక్కువాళ్ళకు ఎంత జాగా ఇవ్వాలో కూడా లెక్క ఉండేది. 1926లో ప్యారిస్‌లో దేశాలన్నీ కలిసి చేసుకున్న ఆరోగ్య ఒప్పందంలో హజ్ ఓడల మీద ఒక భాగమే ఉంది. చిన్నాపెద్దా తేడా లేకుండా మనిషికి పదహారు చదరపు అడుగులు ఉండాలి, ఓడ అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఎత్తు ఆరడుగులకు తగ్గకూడదు. హాజీల మేలు కోరే ఆ నియమం పెట్టారు. అంతకుముందు అదీ దొరకలేదన్నమాట.

ఖాలా ఇంట్లో నేల నానా పరిచిందే. రెండడుగులకు రెండడుగుల నల్లటి కడప బండలు, కాళ్ళు రాసి రాసి అద్దాల్లాగా అయినాయి. మేం చాక్‌పీసుతో నాలుగు బండల చుట్టూ గీత గీశాం. పదహారు చదరపు అడుగులు. రెండు జానిమాజులు పక్కపక్కన పరిస్తే నిండిపోయే చోటు. మనిషి, మూట, బిందె, బియ్యం, నమాజు, జబ్బు, అన్నీ అందులోనే. బొంబాయి నుంచి జిద్దా దాకా వారం పైచిలుకు.

అమ్మీ ఆ గీతల పక్కన నిలబడి, "చూడు, ఇంతలో సర్దుకున్నాడు మీ నానా" అంది గర్వంగా.

ఖాలా మంచం మీంచి లేచి కూచుంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. మా ఇళ్ళలో ఉర్దూనే మాట్లాడతాం. ఖాలాకు కోపమొస్తే మాత్రం కడప తెలుగు వస్తుంది. అది వచ్చింది.

"సర్దుకున్న్యాడా? ఎవురు చెప్పినారు నీకు? బొంబాయిదాకా సాగనంప పోయింది నేను. సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో నాలుగు దినాలు వాళ్ళతోనే ఉంటి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు దిగలేదు. నాయన రూము టికెట్టుకు ఎంత ఎక్కువ అవుతాదని రెండుసార్లు పోయి అడిగొచ్చె. రెండుసార్లూ నడుముకు కట్టుకున్న సంచి విప్పి లెక్కబెట్టుకున్న్యాడు. చాల్లేదు. అంతే. ఆకాశం కింద అల్లాకు దగ్గర అనే మాట అమ్మ ఏడుస్తాంటే ఊరుకోబెట్టను చెప్పిన మాట. ఆకాశమంటా ఆకాశం! డెక్కంటే ఓడ కడుపులోనంట. వచ్చినంక అమ్మే చెప్పింది."

అమ్మీ ఏమీ మాట్లాడలేదు. ఆమె కథ ఒకటి ఆ నాలుగు బండల మీద పడి పగిలిపోయింది. మాదీ పగిలింది. యాభై ఏళ్ళుగా మేం నానా భక్తి అనుకున్నది, ఆయన సంచిలో తక్కువపడిన రూపాయలు.

తర్వాత ఖాలా ఇంకో మాట అంది. ఆమె భర్త పోయాక, ఇద్దరు పిల్లల్ని మా అమ్మీ దగ్గర వదిలి 1992లో కువైట్ వెళ్ళింది. మా కడప, రాయచోటి, రాజంపేట వైపు ఇంటింటికీ ఇట్లాంటి ఆడమనిషి ఒకరుంటారు. పదకొండేళ్ళు ఒక ఇంట్లో వంటచేసింది. ఆమె పడుకున్నది వంటింటి పక్కన సామాన్ల గది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ విమానం రాత్రిపూటే. సముద్రం పక్క దేశంలో పదకొండేళ్ళుండి కూడా సముద్రాన్ని తీరిగ్గా చూసింది లేదు.

"పదకొండేండ్లు కిటికీ లేని రూములో పండుకుంటి. అప్పుడు వాళ్ళు జీతమిచ్చిరి. ఇప్పుడు మనమే దుడ్లిచ్చి కిటికీ లేని రూములో పండుకోవల్నా?"

జవాబు లేదు మా దగ్గర.

పేపర్లో పనిచేస్తున్న ఇన్నేళ్ళలో రంజాన్‌కూ, బక్రీద్‌కూ మేం ఎన్ని వ్యాసాలు రాసి ఉంటాం! కొంచెంలో తృప్తిపడే పేద ముస్లిం, ఉన్నదాంట్లో పంచుకునే గల్లీ, చిరిగిన చాప మీద చిరునవ్వు. చదివిన మిత్రులు మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకోలుకు మేమూ మురిసేవాళ్ళం. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చి చదువులో, సర్కారు కొలువులో, బ్యాంకు అప్పులో మా జాగా ఎంతో అంకెల్లో చూపినప్పుడు దాని మీదా రాశాం. కానీ ఈ రెండు రకాల రాతలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని ఆలోచించలేదు. జాగా తక్కువైందని ఒక చేత్తో అర్జీ పెడుతూ, తక్కువ జాగాలో ఎంత ముచ్చటగా ఉన్నామో ఇంకో చేత్తో పాడుకున్నాం. సబ్ర్ మంచిదే. ఓర్చుకోక తప్పనప్పుడు అది మమ్మల్ని బతికించింది. కానీ లేమికి కూడా సబ్ర్ అని పేరుపెట్టి పిల్లలకు ఆస్తిగా పంచితే, అది వాళ్ళ నోరు నొక్కడమే అవుతుంది.

అట్లాగని అమ్మీ మాటలో న్యాయం లేదనలేం. రెండు నెలల ఇంటిఖర్చు! మా గల్లీ చివర బీడీలు చుట్టే ఇంట్లో ఆ డబ్బుతో ఒక ఆడపిల్ల కాలేజీ ఫీజు కట్టొచ్చు. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని గుచ్చుతూనే ఉంది. అయితే ఒకటి గమనించాం. ఆ లెక్క మేం చిన్నగదికి వేసుకోలేదు. అసలు ఓడ ఎక్కడానికే వేసుకోలేదు. కిటికీ దగ్గరికొచ్చేసరికే ఆ బీదపిల్ల గుర్తుకొచ్చింది. మా భయానికి ఆ పిల్లను అడ్డం పెట్టుకుంటున్నామేమో.

సాయంత్రం బస్టాండుకు బయలుదేరేముందు అమ్మీ మెల్లగా అడిగింది: "ఓడలో ఖిబ్లా ఎటువైపు తెలుస్తుంది?"

ఖాలా మనవడి స్కూలు అట్లాసు తెచ్చి ఆ బండల మీదే పరిచాం. విశాఖ నుంచి చెన్నై దాకా తీరం వెంట వేలితో ఓడను నడిపించాం. ఒంగోలుకు ఎదురుగా సముద్రంలో వేలు ఆపి, అక్కణ్ణుంచి మక్కాకు స్కేలు పెట్టాం. పడమరగా, కొంచెం ఉత్తరానికి ఒరిగి గీత పోయింది. సముద్రం దాటి, ఒంగోలు వైపు ఒడ్డెక్కి, నల్లమల మీదుగా మా కర్నూలు పక్కనుంచి పోయింది. నెల్లూరుకు ఎదురుగా పెడితే కడప దగ్గర్లోంచి పోయింది. అరబ్బు సముద్రం, అరేబియా అన్నీ ఆ తర్వాతే.

అమ్మీ చాలాసేపు చూసింది. మీ చూపంతా అటువైపే అని ఎన్నోసార్లు అనిపించుకున్నవాళ్ళం మేం. ఆ అటువైపు దారిలో మొదట వచ్చేది మా ఊరే. ఆమె పైకి అనలేదు. మేమూ అనలేదు.

"కిటికీలోంచి ఒడ్డు కనబడుతుందా?" అంది.

"కనబడకపోవచ్చు అమ్మీ. దూరం."

"పర్వాలేదు. ఉందని తెలిస్తే చాలు. నీళ్ళకు భయం తగ్గుతుంది."

బస్టాండు నుంచే మా అమ్మాయికి ఫోన్ చేశాం. పెద్దదే తీసుకోమన్నాం. చెన్నైవైపు పోయేటప్పుడు కుడిచేతి పక్కన దొరుకుతుందేమో అడగమన్నాం.

"కుడిపక్కే ఎందుకు అబ్బూ?" అంది.

దాదీని అడుగు అని అమ్మీ చేతికి ఫోనిచ్చాం.