1,900 కిలోమీటర్లు పెట్టెలో... 27 కిలోమీటర్లు రోడ్డు మీద!

తెర మీద హీరో మోటార్ సైకిల్ మీద దూసుకుపోతుంటాడు. జుట్టు ఎగురుతుంటుంది, చెట్లు వెనక్కి పరిగెడుతుంటాయి, హాల్లో ఈలలే ఈలలు! అసలు సంగతేమిటో తెలుసాండీ? క్లోజప్ షాటయితే చాలాసార్లు ఆ బండి రోడ్డుకి తగలనే తగలదు. నేలకి జానెడెత్తున ఉండే ట్రైలర్ మీద దాన్ని కట్టేసి, కెమెరా బండి లాక్కుపోతుంది. హీరోగారు హ్యాండిల్ పట్టుకుని పెదవులు కదిపితే చాలు!

దీనికి సరిగ్గా తలకిందుల వ్యవహారం నేను అమెరికాలో చూశాను. అక్కడ నడిపేవాళ్ళు నిజంగానే నడుపుతారు. కానీ నడపదగ్గ చోటు వచ్చేదాకా బండ్లని నాలుగు గోడల ట్రైలర్లో పెట్టి, తలుపేసి, తాళం వేసి మరీ తీసుకుపోతారు.

2023 ఆగస్టులో డల్లాస్‌లో మా బాబాయి ఇంట్లో దిగాను. పెట్టె కింద పెట్టానో లేదో, "మంచి సమయానికొచ్చావురా! స్టర్జిస్ పోతున్నాం, నువ్వూ పద" అన్నాడు.

స్టర్జిస్ అంటే సౌత్ డకోటా రాష్ట్రంలో ఏడు వేల జనాభా ఉన్న చిన్న ఊరు. 1938లో అక్కడ కొద్దిమంది మోటార్ సైకిల్ పందేలు మొదలెట్టారు. అది పెరిగి పెరిగి ఏటా ఆగస్టులో జరిగే పెద్ద తిరునాళ్ళయింది. 2015లో 75వ ఉత్సవానికి ఏడు లక్షల మందికి పైగా వచ్చారని అంచనా. మన మేడారం జాతరలో మనుషుల బదులు మోటార్ సైకిళ్ళు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

మా బాబాయికి అరవయ్యేడేళ్ళు. ముప్ఫయ్యేళ్ళుగా హార్లే డేవిడ్‌సన్ ఆయన ప్రాణం. అయితే రెండు మోకాళ్ళకీ ఆపరేషనయింది. ఆ తర్వాత ఓ రోజు సిగ్నల్ దగ్గర ఆగి కాలు కింద పెడితే మోకాలు నిలవలేదు. 370 కిలోల బండి పక్కకి ఒరిగిపోయింది. దెబ్బలేం తగల్లేదు గానీ, ఆ సాయంత్రమే పిన్ని తాళంచెవులు బియ్యండబ్బాలో దాచేసింది! ఆర్నెల్లు ఇంట్లో మాటల్లేవట. చివరికి ఇద్దరికీ రాజీ కుదిర్చింది ట్రైక్.

ట్రైకంటే మూడు చక్రాల మోటార్ సైకిల్. "షోలే"లో అమితాబ్, ధర్మేంద్ర పాట పాడుకుంటూ పోయే బండికి కూడా మూడు చక్రాలే, కాకపోతే అందులో మూడోది పక్కనున్న తొట్టికి. ట్రైక్‌కి వెనకాల రెండు చక్రాలుంటాయి. ఆగినప్పుడు కాలు కింద పెట్టనక్కర్లేదు. వెనక్కి పోవడానికి రివర్స్ గేరు కూడా ఉంటుంది. బరువు మాత్రం 560 కిలోలు!

పాత బండిని బాబాయి అమ్మలేదు. తమ్ముడికిచ్చాడు. తమ్ముడంటే బాబాయి కొడుకు, ఇరవయ్యెనిమిదేళ్ళవాడు. వాడి కోపమంతా ఆ ట్రైలర్ మీదే. "డల్లాస్ నుంచి రోడ్డు మీద పోతేనే మగతనం. పెట్టెలో పెట్టుకుపోతే అక్కడ నవ్వుతారు" అని గొణుక్కుంటున్నాడు. అదీ నిజమే. దుమ్ము కొట్టుకుని వచ్చినవాళ్ళు ట్రైలర్లో వచ్చినవాళ్ళని చిన్నచూపు చూడటం స్టర్జిస్‌లో పాత ఆచారం. కానీ 1,900 కిలోమీటర్లు మోకాళ్ళు మడిచి కూర్చోవడం బాబాయి వల్ల కాదు. వాణ్ణొక్కణ్ణీ పంపడం పిన్ని వల్ల కాదు.

మూసిన ట్రైలరే ఎందుకంటారా? వానా వడగళ్ళూ ఒకటి, దొంగలు రెండోది. "ఈజీ రైడర్" (1969) సినిమాలో పీటర్ ఫోండా, డెన్నిస్ హాపర్ నడిపిన హార్లేలు జగత్ప్రసిద్ధం కదా! షూటింగ్ పూర్తిగా ముగియకముందే వాటిలో కొన్ని దొంగలపాలయ్యాయి. అంతటి బండ్లకే దిక్కు లేకపోతే మనవెంత!

బండ్లెక్కించడం చూసి తీరాలి. ఏడడుగుల వెడల్పు, పద్ధెనిమిదడుగుల పొడవు పెట్టె. వెనక తలుపు కిందికి దింపితే అదే ఏటవాలు పలక. ముందు ట్రైక్ లోపలికెళ్ళి ముక్కు దాకా పోయింది. దాని వెనక మోటార్ సైకిల్. ముందు చక్రం ఇరుక్కునే ఇనప చట్రం నేలకి బిగించి ఉంది. మోటార్ సైకిల్‌కి నాలుగు మూలలా నాలుగు పట్టీలు. స్ప్రింగులు కాస్త అణిగేదాకా బిగించాలి. మరీ అణగదొక్కితే ఫోర్కు సీళ్ళు పోతాయి. వదులైతే మొదటి గతుకులోనే బండి ఎగిరి పట్టీ జారుతుంది. ట్రైక్‌కి వెనక చక్రాల చుట్టూ పట్టీలు వేస్తారు.

"బరువెక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది బాబాయ్?" అన్నాను.

"తెనాలి పక్కన పుట్టి ఆ ప్రశ్నేమిట్రా? ఎడ్లబండి తోలలేదూ! వెనక బరువెక్కువైతే కాడి లేస్తుంది. ముందెక్కువైతే ఎడ్ల మెడ విరుగుతుంది. ఇదీ అంతే."

లెక్క ప్రకారం మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు పికప్ ట్రక్కు హుక్కు మీద పడాలట. ట్రైలరూ సరుకూ కలిసి రెండున్నర టన్నులైతే 250 నుంచి 375 కిలోల దాకా. ఎడ్లబండికి ఈ అంకెలెవరూ చెప్పలేదు గానీ సూత్రం అదే!

మూడు రోజుల ప్రయాణం. ఓక్లహామా త్వరగా గడిచింది. మొదటి రాత్రి కాన్సాస్‌లోని విచిటాలో పడుకున్నాం. పొద్దున్నే తమ్ముడు మంచినీళ్ళ కేసులు, ఐసుపెట్టె, మడత కుర్చీలు అన్నీ వెనక తలుపు దగ్గరే పడేసి తలుపేశాడు. పిన్ని స్టీరింగ్ దగ్గర కూర్చుంది. (అవునండీ, ట్రక్కు నడిపేది పిన్నే!) సలైనా దాటాక అడ్డగాలి మొదలైంది. చెట్టూ చేమా లేని మైదానం. పక్కనుంచి ఓ పెద్ద లారీ రయ్యిమని దాటింది. అంతే! వెనక ట్రైలర్ తోకాడించడం మొదలెట్టింది. అటో ఊపు, ఇటో ఊపు. ఊపు ఊపుకీ పెరుగుతోంది. ట్రక్కు వెనకభాగాన్ని కూడా పట్టుకుని ఊపుతోంది. నా గుండె గొంతులోకొచ్చింది.

"బ్రేకు తొక్కకు. కాలు తీసెయ్" అన్నాడు బాబాయి, కాఫీ అడిగినంత నెమ్మదిగా.

పిన్ని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, డాష్‌బోర్డు కిందున్న చిన్న మీట నొక్కింది. అది ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేకు వేస్తుంది. నాలుగైదు ఊపుల తర్వాత పెట్టె బుద్ధిగా వరసలోకొచ్చింది. అలాంటప్పుడు కాలితో గట్టిగా బ్రేకు తొక్కితే వెనక బరువు ముందుకి తోసి బండిని అడ్డం తిప్పేస్తుంది. సినిమా ఫైట్లో లారీ అడ్డం తిరిగి పల్టీ కొట్టడం చూశారే, అలాగన్నమాట. ఇక్కడ డూపులుండరు.

తర్వాతి దారి మలుపులో ఆగాం. తమ్ముడు తలెత్తలేదు. బాబాయి మెల్లగా దిగి, రెండు కర్రల మీద వెనక్కి నడిచి, "కాడి లేచిందిరా" అన్నాడు. ఇంకో మాట అనలేదు. సామానంతా వాడొక్కడే ముందుకి మోశాడు. అక్కణ్ణుంచి ప్రతి ఆగే చోటా అందరికంటే ముందు దిగి పట్టీలు, చక్రాల నట్లు తడిమి చూసిందీ వాడే.

సౌత్ డకోటాలో హైవే మీద గంటకి 80 మైళ్ళు పోవచ్చు. మేం 65 దాటలేదు. ట్రైలర్ టైర్లలో కొన్నిటికి అదే హద్దు. మోటార్ సైకిళ్ళు గుంపులు గుంపులుగా మమ్మల్ని దాటిపోతుంటే తమ్ముడి మొహం చూడాలి!

వాల్ అనే ఊళ్ళో పెట్రోలుకి ఆగాం. 1931లో ఓ జంట అక్కడ మందుల షాపు కొని, గిరాకీ లేక, దారినపోయేవాళ్ళకి ఐసు నీళ్ళు ఉచితమని బోర్డులు పెట్టారు. ఆ బోర్డులతోనే షాపు లోకప్రసిద్ధమైంది. అక్కడ గడ్డం, తోలు జాకెట్టు వేషంలో ఓ ఆసామి (అచ్చం మన విలన్ పక్కనుండే రౌడీ!) మా ట్రైలర్ చూసి, "పెట్టెలో వచ్చారా?" అని నవ్వాడు. ఇంతలో బాబాయి దిగాడు. ముందు ఒక కర్ర, తర్వాత ఒక కాలు, తర్వాత రెండో కర్ర. ఆ ఆసామి నవ్వు ఆపి, లోపల ట్రైక్ ఎలా కట్టారో చూపించమన్నాడు. పది నిమిషాల తర్వాత పోతూ పోతూ తన స్నేహితుడి బండికోసం రెండు పట్టీలు అరువు పుచ్చుకుపోయాడు. అవి తిరిగి రాలేదు లెండి!

స్టర్జిస్ మెయిన్ స్ట్రీట్‌లో నాలుగు వరసల్లో మోటార్ సైకిళ్ళు, చెవులు చిల్లులుపడే చప్పుడు. ఒక సాయంత్రం చాలనిపించింది. అసలు మజా దక్షిణాన బ్లాక్ హిల్స్‌లో ఉంది. కస్టర్ ఊళ్ళో ట్రైలర్ వదిలేశాం. ఐరన్ మౌంటెన్ రోడ్డు పొడవు 17 మైళ్ళే, అంటే 27 కిలోమీటర్లు. 314 మలుపులు, మూడు సొరంగాలు, సుడి తిరిగి తన మీదుగా తనే పోయే చెక్క వంతెనలు! ఎవరూ తొందరపడి పోకూడదనే ఉద్దేశంతోనే 1930ల్లో వేసిన రోడ్డది. పెట్టెలకి అక్కడ పనిలేదు.

నేను ట్రైక్ వెనక సీట్లో. ముందు బాబాయి. వెనకాల పాత హార్లే మీద తమ్ముడు. పెద్దవాళ్ళకి హెల్మెట్ తప్పనిసరన్న చట్టం ఆ రాష్ట్రంలో లేదు. కానీ పిన్ని చట్టం వేరు. ముగ్గురం పెట్టుకున్నాం. మోటార్ సైకిల్ మలుపులో ఒంగుతుంది, ట్రైక్ ఒంగదు. మనల్ని బయటికి తోస్తుంది, హ్యాండిల్‌తో లాగి తిప్పాలి. బాబాయి భుజాలు ఎంత పని చేస్తున్నాయో నాకు వెనకనుంచి తెలుస్తూనే ఉంది.

సొరంగంలోంచి చూస్తే ఎదురుగా ఫ్రేము కట్టినట్టు రష్‌మోర్ కొండ, నలుగురు అధ్యక్షుల ముఖాలు. హిచ్‌కాక్ "నార్త్ బై నార్త్‌వెస్ట్" (1959) క్లైమాక్స్ జరిగేది ఆ ముఖాల మీదే. నిజానికక్కడ అలాంటి దృశ్యం తియ్యనివ్వకపోతే స్టూడియోలో సెట్టు వేసి తీశారు. నేను "అదుగో బాబాయ్!" అని అరిచాను. ఆయన కొండకేసి చూడలేదు. అద్దంలో చూస్తున్నాడు. మలుపు దగ్గర పాత బండి ఒంగి, మళ్ళీ నిటారుగా లేచింది. అప్పుడు ముందుకి చూసి గేరు మార్చాడు.

సాయంత్రం తమ్ముడే రెండు బండ్లూ ఎక్కించి పట్టీలు వేశాడు. బాబాయి లోపలికెళ్ళి ఒక పట్టీ మీద వేలితో కొట్టి చూశాడు, వీణ తీగ మీటినట్టు. బిగించలేదు. తలుపెయ్యమన్నాడు.