ఆకు చెప్పిన నిజము

మా పాఠశాల ప్రయోగశాలలో మేము నలుగురము కలసి మందారపుటాకును పరీక్షించితిమి. వెలుతురు సోకిన చోటనే ఆకునందు పిండిపదార్థము పుట్టునని 1860వ దశకమున జర్మను శాస్త్రజ్ఞుడగు యూలియస్ సాక్స్ చూపెను. దానిని మేమును కన్నులార చూడగోరితిమి.

ముందుగా మొక్కను రెండు దినములు చీకటిలో నుంచవలెనని గ్రంథమందున్నది. మేము తొందరపడి, ఎండలోనున్న మొక్క యాకునకే మధ్యాహ్నమున నల్లకాగితపు ముక్కను తగిలించి, సాయంకాలమున కోసితిమి. ఆకును మరుగునీట ముంచితిమి. స్పిరిటు మండునది గావున దీపమునార్పి, వేడినీటి పాత్రలో నిలిపిన స్పిరిటు గొట్టమునందు ఆకును ఉంచగా, పచ్చదనము కరగి యది తెల్లబడెను. వేడినీట కడిగి అయోడిను చుక్కలు వేసితిమి. ఆకంతయు నీలినలుపాయెను, కాగితము కప్పిన చోటు సైతము!

మాలో నొకడు "గ్రంథములో నున్నట్లే వ్రాయుదము, ఎవరు చూతురు?" అనెను. కొంతసేపు మేమందరమును ఊగిసలాడితిమి. తుదకు చూచినదే వ్రాసి చూపితిమి. ఉపాధ్యాయులు కోపింపక, "ఆకు బొంకలేదు. ఉదయము చేసికొన్న పిండి దానియందింకను నున్నది" అని సెలవిచ్చిరి.

పిమ్మట మొక్కను రెండు దినములు చీకటిగదిలో నుంచి, కాగితము తగిలించి, ఎండ చూపి, మరల పరీక్షించితిమి. కప్పిన భాగము అయోడిను వన్నెతో గోధుమరంగుననే నిలిచెను, తక్కినది నల్లనాయెను. ఆనాడు దొంగలెక్క వ్రాసియుండినచో, ఆ చీకటి యెందులకో మేమెన్నటికిని తెలిసికొనకయే యుందుము. మా నోటుపుస్తకమున రెండు ఫలితములును ప్రక్కప్రక్కనే యున్నవి.