ఇరవై ఎనిమిది స్విచ్‌లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు అందరిలా నేనూ ఒక కవితో, లక్ష్యసాధన మీద వ్యాసమో రాద్దామనుకున్నాను. కానీ ఈ సంవత్సరం మా ఎం.సి.ఏ. సిలబస్ కంటే ఎక్కువగా నా తలలో తిరిగింది స్టడీ రూం మూలన ఉన్న ఒక పాత బెంచీ చెక్క. అందుకే దాని గురించి రాస్తున్నాను. కంప్యూటర్ చదవని మిత్రులు పేజీ తిప్పేయకండి. కష్టమైన లెక్క ఒక్కచోటే ఉంది, అది కూడా హాజరు పట్టీ లెక్కే.

సంగతి ఇది. ఉద్యోగం వచ్చి వెళ్తూ ఒక సీనియర్ అన్న తన పాత డెస్క్‌టాప్‌ను హాస్టల్‌కు ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత దాని మీద ఆటలు ఆడుకోవచ్చని వార్డెన్ సార్ ఒప్పుకున్నారు. ఉన్నది ఒక్క కీబోర్డు, ఆడాలనుకునేవాళ్లు ఎనభై మంది. ఒకరు ఆడుతుంటే పదిమంది వెనక నిలబడి సలహాలిస్తారు. సలహాలకు మన హాస్టల్‌లో ఎన్నడూ కరువు లేదు. అప్పుడే, వీడియో గేమ్ షాపుల్లో ఉండే మిషన్ లాంటిది మనమే చేసుకుందామన్న మాట పుట్టింది. స్క్రీను, పెట్టె తేలికే. దాని ముందు ఉండే పలక, అంటే స్టిక్‌లు, బటన్లు ఉండే చెక్క మాత్రం ముందుగా కాగితం మీద తేలాలి. ఆ పని నా మీద పెట్టారు.

ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేసినప్పుడు "బటన్ల లెక్క చేస్తున్నా" అన్నాను. "అంగి గుండీలకు గింత లెక్కెందుకు బిడ్డా?" అంది అవ్వ. పక్కనుంచి బాపు నవ్వడం వినిపించింది. ఆయన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు కాబట్టి నేను చేసే ప్రతి పనీ వాళ్లకు చదువుగానే కనిపిస్తుంది. ఇదీ చదువేనని చెప్పాను. అబద్ధం కాదు.

మొదటి తగాదా ఎంతమందికి అన్న దగ్గరే వచ్చింది. ఇద్దరికి చాలని పీజీ మిత్రులు పట్టుబట్టారు. వాళ్లకు 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2' కావాలి. అందులో మూడు గుద్దులు, మూడు తన్నులు, మనిషికి ఆరు బటన్లు. ఇద్దరికి పన్నెండు. నలుగురు ఆడాలని డిగ్రీ, ఇంటర్ తమ్ముళ్ల కోరిక. మనిషికి రెండు ఆట బటన్లు, ఒక స్టార్ట్ బటన్ చొప్పున వేస్తే నలుగురికీ పన్నెండే. కొనాల్సిన బటన్లు దాదాపు సమానమే! పెరిగేది స్టిక్‌లు. ఒక్కో స్టిక్ కింద పైకి, కిందికి, ఎడమకు, కుడికి నాలుగు చిన్న స్విచ్‌లుంటాయి. ఆ లెక్కన స్టార్ట్ బటన్లు కూడా కలిపితే ఇద్దరికి 22 స్విచ్‌లు, నలుగురికి 28.

నేను నలుగురి వైపు నిలబడ్డాను. దానికి నాకొక కారణం ఉంది. చిన్నప్పుడు మా ఊరి బస్టాండు పక్కన ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. ఆటకు రూపాయి. అక్కడ అందరూ 'ముస్తఫా' అని పిలిచే ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్', 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చింది. ముస్తఫా అందులో ఒక పాత్ర మాత్రమే, మన పిల్లలు ఆటకే ఆ పేరు పెట్టేశారు. నిజానికి దాన్ని ముగ్గురు కలిసి ఆడొచ్చు. కానీ మా షాపు మిషన్‌కు ఇద్దరి స్టిక్‌లే ఉండేవి. ఎందుకో అప్పుడు తెలియదు. ఆ మిషన్లలో జామా అనే ఒక వైరింగ్ పద్ధతి ఉంటుందని, దాని 56 పిన్నుల్లో ఇద్దరు ఆటగాళ్లకే చోటుందని, మూడో మనిషికి విడిగా ఇంకో కనెక్టర్ పెట్టాలని పీజీకి వచ్చాక చదివాను. ఎవరో ఆ కనెక్టర్ పెట్టలేదు, అంతే. మేం ముగ్గురం స్నేహితులం వెళ్లేవాళ్లం. రూపాయి లేనివాడు మూడోవాడు. చాలాసార్లు అది నేనే. జేబులో రూపాయి ఉన్న రోజు కూడా మూడోవాడికి స్టిక్ లేదు.

అందుకే నాణెం ఇన్‌పుట్ కూడా వద్దన్నాను. ఆటకు రూపాయి పెడితే టోర్నమెంటు ఖర్చులకు వస్తుందని కమిటీలో ఒక సూచన వచ్చింది. కాస్మెటిక్ చార్జీలు ఎప్పుడు పడతాయా అని చూసే హాస్టల్‌లో ఆ సూచన పది నిమిషాలు కూడా నిలవలేదు.

28 అని తేలాక ఆ స్విచ్‌లను కంప్యూటర్‌కు ఎలా కలపాలన్నది రెండో ప్రశ్న. పాత కీబోర్డు విప్పి దాని బోర్డుకు తీగలు అతికిస్తే పైసా ఖర్చు లేదన్నారు. కాగితం మీద చూస్తే కుదరలేదు. స్టిక్‌ను మూలకు తిప్పితే రెండు స్విచ్‌లు ఒకేసారి కలుస్తాయి, దానితో పాటు ఒక బటన్. మనిషికి మూడు, నలుగురికి పన్నెండు. మామూలు యూఎస్‌బీ కీబోర్డు షిఫ్టు, కంట్రోలు లాంటివి కాక ఒకేసారి ఆరు కీల పేర్లే కంప్యూటర్‌కు చెబుతుంది. మిగతా ఆరు ఏమైనట్టు? నొక్కినవాడు నొక్కుతూనే ఉంటాడు, తెర మీద బొమ్మ కదలదు.

అందుకని ఆర్డ్యునో లియొనార్డో బోర్డు అనుకున్నాం. అది కంప్యూటర్‌కు నాలుగు గేమ్ జాయ్‌స్టిక్‌లుగా కనబడేలా ప్రోగ్రాం రాయొచ్చు. కానీ దానికి వాడుకోదగిన పిన్నులు 20, మనకు కావలసినవి 28. ఇక్కడే హాజరు పట్టీ పనికొచ్చింది. పట్టీలో అడ్డంగా పేర్లు, నిలువుగా తేదీలు ఉంటాయి కదా. అలాగే అడ్డ వరుసల్లో నలుగురు ఆటగాళ్లు, నిలువు వరుసల్లో ఏడు పనులు: నాలుగు దిక్కులు, దూకు, కొట్టు, స్టార్ట్. నాలుగూ ఏడూ పదకొండు తీగలు చాలు. బోర్డు ఒక్కో అడ్డ వరుసను పిలిచి, ఏ గడిలో స్విచ్ కలిసిందో క్షణంలో చూసుకుంటుంది.

ఇందులో ఒక మోసం దాగి ఉంది. ఒకటో ఆటగాడు ఎడమ, దూకు రెండూ నొక్కి ఉంచాడనుకోండి. అదే సమయంలో రెండో ఆటగాడు ఎడమ ఒక్కటే నొక్కాడు. బోర్డు రెండో వరుసను పిలుస్తుంది. ఆ దారి 'ఎడమ' తీగలోకి వెళ్లి, ఒకటోవాడి ఎడమ స్విచ్ గుండా అతని వరుసలోకి, అక్కణ్నుంచి అతని దూకు స్విచ్ గుండా 'దూకు' తీగలోకి చేరుతుంది. రెండోవాడు కూడా దూకాడని బోర్డు రాసుకుంటుంది! ఇంగ్లీషులో దీన్ని గోస్టింగ్ అంటారు. మన కాలేజీ భాషలో ప్రాక్సీ. ఒకరి హాజరు మరొకరి పేర పడుతుంది. దీనికి మందు ప్రతి స్విచ్‌కూ ఒక డయోడు. దాని గుండా కరెంటు ఒకవైపే పోతుంది కాబట్టి ఆ దొంగదారి మూసుకుపోతుంది. 28 స్విచ్‌లకు 28 డయోడులు. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి 1ఎన్4148 రకం తెచ్చాం. మొత్తం సామానులో అన్నిటికంటే చవకైనవి ఇవే.

పలక కొలతలకు పెద్ద చర్చ జరగలేదు. బెంచీ చెక్క ఆరడుగులు, మనిషికి పద్దెనిమిది అంగుళాలు. నలుగుర్ని వరండాలో పక్కపక్కన నిలబెట్టి చూశాం, మోచేతులు తగల్లేదు. ఆట బటన్లకు 30 మిల్లీమీటర్ల రంధ్రాలు, స్టార్ట్ బటన్లకు 24. ఆట ఊపులో చెయ్యి పడకుండా స్టార్ట్‌ను పైఅంచుకు జరిపాం.

నన్ను ఎక్కువ రోజులు ఆపింది వేరే. ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడొకతను ప్రతి ఆదివారం స్కోరు రాస్తాడు. ఎడమ చేత్తో ముత్యాల్లాంటి అక్షరాలు. చిన్నప్పుడు చెరకు మిషన్‌లో పడి అతని కుడి చేతి వేళ్లు పోయాయి. ఎడమ చేతిలో స్టిక్ ఉంటే బటన్లు ఎలా నొక్కాలి? కుట్టుమిషన్ తొక్కినట్టు కాలితో నొక్కే రెండు పెడళ్లు నాలుగో సీటుకు పెడతానని కాగితం చూపించాను. చాలాసేపు చూశాడు.

"నాకని ఒక సీటు రాయకన్నా. నేను లేనప్పుడు కూడా దాంట్ల ఎవ్వలు కూసోరు" అన్నాడు.

మర్నాడు కాగితం మార్చాను. ఇప్పుడు నాలుగు సీట్ల ముందూ ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు రెండేసి ఉంటాయి. పెడళ్లు ఎక్కడైనా గుచ్చుకోవచ్చు. పెడల్ స్విచ్‌ను బటన్ స్విచ్‌కు సమాంతరంగా కలిపితే ఏది నొక్కినా బోర్డుకు ఒకటే. కొత్త పిన్ను అక్కర్లేదు, కొత్త డయోడు అక్కర్లేదు. లెక్క 28 దగ్గరే ఉంది. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు వెనక ఇలాంటివే 19 సాకెట్లున్నాయని ఆ తర్వాత చదివి సంతోషపడ్డాను. పెడళ్లకు కాలింగ్ బెల్ స్విచ్‌లు వాడుతున్నాం. చెక్క ముక్కల మధ్య స్ప్రింగు అతనే బిగిస్తున్నాడు.

జూన్‌లో నేను హాస్టల్ వదిలి వెళ్తాను. మూడు సీట్ల తీగలు అతకడం అయింది, నాలుగోది మిగిలింది. చేయబోయే తమ్ముళ్లకు రెండు మాటలు. డయోడు మీద నల్లగీత ఉన్న కొస అడ్డ వరుస తీగకు పోవాలి, తిప్పి అతికితే ఆ స్విచ్ పనిచేయదు. పెడల్ సాకెట్ తీగలు స్విచ్ రెండు కాళ్లకే అతకండి, డయోడు దాటి పోవద్దు. కాగితం స్టడీ రూం బీరువా తలుపు లోపల అంటించాను. సోల్డరింగ్ ఐరన్ వాచ్‌మన్ తాత దగ్గరుంది.