అత్తగారి మఱపు



మాది చోడవరము. 2022 ఏప్రిల్ నెలలో మా యూరు విశాఖపట్టణము జిల్లానుండి క్రొత్తగా నేర్పడిన యనకాపల్లి జిల్లాలో జేరినది. ఆ సంగతి మా యత్తగారి కెన్నిమారులు చెప్పినను నిలువలేదు. ఇప్పుడామెకు నా పేరును నిలుచుట లేదు.

ప్రొద్దు గ్రుంకగానే యామె పళ్లెములోని యన్నమును గుడ్డలో మూటగట్టి వీథివాకిటికి బోవును. "గానుగకడ ఆయన ఆకలితో నున్నారు" అనును. చెఱకును గోవాడ చక్కెరమిల్లునకు తోలుట మొదలైననాడే మా గానుగ మూలబడినది. మామగారు గతించి పండ్రెండేండ్లైనది. మొదట నేను నిజమే చెప్పుచుంటిని. చెప్పిన ప్రతిదినమును ఆమె యప్పుడే వైధవ్యము పొందినట్లు గుండె బాదుకొని యేడ్చెడిది. మఱునాడు మరల మూటగట్టెడిది.

ఇరుగుపొరుగువారు "ఎంత యోర్పుగల కోడలు!" అని మెచ్చుకొనిరి. ఆ మెప్పు నా నోటికి తాళము వేసినది. రాత్రులామె నాలుగైదుమారులు లేచును, నేనును లేతును. ఒకనాటి రేయి తన గొలుసు నేనే దొంగిలితినని యఱచినది. నేనంతకంటె బిగ్గరగా నఱచి, ఆమెను గదిలోనుంచి గడియ పెట్టితిని. తలుపు వెనుక ఆమె చిన్నపిల్లవలె "అమ్మా, అమ్మా" అని పిలుచుచుండెను. గడియ తీయుటకు నాకెంతసేపు పట్టినదో మా వారికి సైతము చెప్పలేదు. నేడు మీతో నీమాత్రము చెప్పగలిగితిని.

ఆ వారములోనే విశాఖపట్టణమున వైద్యునకు జూపితిమి. ముసలితనపు చాదస్తమనుకొన్నది మెదడునకు వచ్చిన వ్యాధియని, దానిని డిమెన్షియా యందురని తెలిసినది. అందు ముఖ్యమైన యల్జీమర్ వ్యాధిని 1906లో ఆలోయిస్ ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు మొదట వర్ణించెను. ఆయన చూచిన రోగియు స్త్రీయే. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా యున్నదని 2023లో ప్రకటింపబడిన యంచనా. థైరాయిడు లోపమువలనను, బి12 విటమిను లోపమువలనను మఱపు కలుగవచ్చును. అట్టిది చికిత్సకు లొంగును గనుక మొదటనే పరీక్ష చేయింపవలెను. మా యత్తగారిది లొంగునది కాదు.

పిమ్మట వైద్యుడు నావైపు తిరిగి, "మీరు నిద్రించి యెన్నాళ్లైనదమ్మా?" అని యడిగెను. నాకు మాట రాలేదు. మా వారు తలవంచుకొనిరి.

ఇప్పుడు వారమునకు రెండు రాత్రులు మా వారును, శనివారము మా యాడుబిడ్డయు ఆమెకడ పరుందురు. మూటగట్టినపుడు "అన్నము పంపితిని, అత్తయ్యా, మామయ్యగారు తినిరట" అందును. ఆమె తృప్తిగా లోనికి వచ్చును. అబద్ధమాడుచున్నాననెడి వెఱపు నాకిపుడు లేదు. కోపము మాత్రము నేటికిని వచ్చుచునే యున్నది. వచ్చినపుడు పెరటిలోనికి బోయి, కొంతసేపు నిలిచి వత్తును.

మీ యెఱుకలో నిట్టి రోగిని సాకు స్త్రీ యున్నయెడల ఆమె యోర్పును మెచ్చుకొనుట చాలదు. ఒక్క రాత్రి యామెకు బదులుగా మేల్కొనుడు.